చేయలేకపోవడం, చేయకపోవడం: పక్షవాత పునరావాస పరిశోధన నడిచిన దారి

పక్షవాతం వచ్చి ప్రాణగండం గడిచిన మనిషికి పడిపోయిన చెయ్యి మళ్లీ ఎంతవరకు పనికి వస్తుందన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే సమాధానం గత నూట ముప్పై ఏళ్లలో మౌలికంగా మారింది. పంతొమ్మిదో శతాబ్దం చివరినాటి వైద్యుల దృష్టిలో మెదడుకు తగిలిన గాయం ఎంతో అవయవ లోపమూ అంతే. మొదటి కొద్ది నెలల్లో దానంతట అది తిరిగివచ్చిన కదలికతో తృప్తిపడి, మిగిలిన లోపంతో రాజీపడి బతకడమే రోగికి వారు చెప్పగలిగిన మాట. ఇరవయ్యో శతాబ్దం ముగిసేనాటికి, లోపంలో ఒక భాగం గాయం వల్ల వచ్చినదైనా మరొక భాగం గాయం తరువాత ఆ మనిషి తన చేతిని వాడుకున్న తీరు వల్ల, లేదా వాడుకోని తీరు వల్ల వచ్చినదని, ఈ రెండో భాగాన్ని ఏళ్లు గడిచాక కూడా తగ్గించవచ్చని ప్రయోగపూర్వకంగా తేలింది. ఈ మార్పు ఒక్కరి వల్ల వచ్చింది కాకపోయినా, దానికి ఇరుసుగా నిలిచినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్. వైద్యుడూ ఫిజియోథెరపిస్టూ కాని ఆయన ఈ రంగంలోకి వచ్చిన దారిని అనుసరిస్తే, రోగి చేయనిదాన్ని చేయలేనిదిగా లెక్కకట్టడం వల్ల ఒక శాస్త్రం ఎంతకాలం ఆగిపోయిందో అర్థమవుతుంది.

మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళం పూడుకుపోయినా, చిట్లినా, ఆ నాళం మీద ఆధారపడిన నాడీకణాలు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలుపెడతాయి. హఠాత్తుగా పడిపోయి మరణించినవారి మెదళ్లను కోసి చూసి, కొందరిలో లోపల రక్తస్రావం జరిగిందని స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్ పట్టణ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లో గ్రంథస్థం చేయడంతో ఈ వ్యాధికి మూలం మెదడు రక్తనాళాల్లో ఉందన్న అవగాహనకు పునాది పడింది. మెదడు ముందుభాగంలో ఎడమవైపు ఒక చోట దెబ్బ తగిలితే మాట పోతుందని 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, మెదడు ఉపరితలం మీద నిర్దిష్టమైన చోట స్వల్పంగా విద్యుత్తును ప్రసరింపజేస్తే కుక్కకు ఎదుటివైపు కాలు కదులుతుందని 1870లో బెర్లిన్‌లో గుస్టావ్ ఫ్రిచ్, ఎడ్వర్డ్ హిట్జిగ్ చూపించారు. మెదడులో ఒక్కో పనికి ఒక్కో చోటు ఉందని చెప్పిన ఈ ఆవిష్కరణలు రోగ నిర్ణయానికి ఎంత మేలు చేశాయో, చికిత్స ఆలోచనకు అంత అడ్డు కూడా అయ్యాయి. చోటు పోతే పని పోయినట్టేనన్న భావం వాటి నుంచి సహజంగానే పుట్టింది. పెరిగిన మెదడులో నాడీమార్గాలు స్థిరపడిపోయి ఉంటాయని, అవి చనిపోగలవే తప్ప తిరిగి పుట్టలేవని స్పెయిన్ శాస్త్రవేత్త సాంటియాగో రమోన్ ఇ కహాల్ 1913-14లో వెలువడిన తన గ్రంథంలో రాసిన అభిప్రాయం ఆ భావానికి శాస్త్ర ప్రామాణ్యం కూడా తెచ్చిపెట్టింది.

షెరింగ్టన్ కోతులు

టౌబ్ కథకు అసలు ఆరంభం 1895లో ఉంది. శరీరం నుంచి స్పర్శ, నొప్పి, కీళ్ల స్థితి వంటి సమాచారాన్ని వెన్నుపాముకు చేరవేసే నాడులను జ్ఞాననాడులని, వెన్నుపాము నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసే నాడులను చాలకనాడులని అంటారు. ఇవి వెన్నుపాము దగ్గర రెండు వేరు వేరు మూలాలుగా కలుస్తాయి కాబట్టి ఒకదాన్ని తెంచి రెండోదాన్ని ఉంచడం సాధ్యమవుతుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రెడరిక్ మాట్, చార్లెస్ షెరింగ్టన్ కోతి ముందుచేతి జ్ఞాననాడీ మూలాలను మాత్రమే తెంచి చూశారు. కండరాలకు ఆజ్ఞలు వెళ్లే దారి చెక్కుచెదరలేదు. మెదడు ఉపరితలాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే ఆ చెయ్యి కదిలింది కూడా. అయినా కోతి మాత్రం తనంతట తాను ఆ చేతిని ఎన్నడూ వాడలేదు, పక్షవాతం వచ్చినట్టే వేలాడదీసుకుని తిరిగింది. ప్రేరణ అందితేనే ప్రతిస్పందన పుడుతుంది కాబట్టి, స్పర్శ లేనిచోట ఐచ్ఛిక చలనం కూడా ఉండదన్న నిర్ణయానికి ఈ ప్రయోగం దారితీసింది. సంక్లిష్టమైన చలనాలన్నీ ప్రతీకార చర్యల పునాది మీదే, అంటే ప్రేరణకు అప్రయత్నంగా కలిగే ప్రతిస్పందనల మీదే, కట్టి ఉంటాయని షెరింగ్టన్ 1906 నాటి తన గ్రంథంలో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఇది ఒక ఆధారమైంది. ఆయన 1932లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ కోతి చెయ్యి ఎందుకు కదలలేదన్న ప్రశ్న తీరిపోయినట్టే పాఠ్యగ్రంథాలు భావించాయి.

ఈ తీర్మానానికి విరుద్ధమైన సాక్ష్యం అమెరికాలో 1917లోనే వచ్చింది. రాబర్ట్ ఆగ్డెన్, షెఫర్డ్ ఐవరీ ఫ్రాంజ్ కోతుల మెదడులో చలన ప్రాంతాన్ని దెబ్బతీసి ఒకవైపు పక్షవాతం కలిగించిన తరువాత, బాగున్న చేతిని కట్టివేసి, పడిపోయిన చేతితో బలవంతంగా పని చేయించారు. ఏ చికిత్సా లేని జంతువుల చెయ్యి పనికిరాకుండా మిగిలిపోగా, ఇలా పని చేయించిన జంతువులు వేగంగా కోలుకున్నాయి. ఈ ఫలితాన్ని మనుషుల చికిత్సకు అన్వయించాలన్న ఆలోచన ఆ తరువాత అరవై ఏళ్లకు పైగా ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. గాయాన్నీ లోపాన్నీ ఒకటిగా చూసే శాస్త్రంలో, లోపాన్ని తగ్గించే సాధనకు స్థానం దొరకకపోవడం వింత కాదు.

చికిత్సాశాలల్లో జరిగినది

ఈలోగా ఆసుపత్రుల్లో పక్షవాత రోగులకు జరిగే చికిత్స ప్రయోగశాలలతో పెద్దగా సంబంధం లేకుండా తన దారిన తాను పెరిగింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో తలకు గాయాలైన సైనికుల కోసం జర్మనీలోనూ సోవియట్ దేశంలోనూ ఏర్పడిన పునరావాస కేంద్రాలు, మెదడు గాయం తగిలిన మనిషికి శిక్షణ ఇవ్వవచ్చన్న నమ్మకాన్ని నిలబెట్టాయి. నాజీల పాలన నుంచి తప్పించుకుని లండన్ చేరిన బెర్టా బోబాత్ 1940ల్లో పక్షవాతం వచ్చిన ఒక చిత్రకారుడికి చికిత్స చేస్తూ, బిగుసుకున్న కండరాల పట్టును శరీర భంగిమల ద్వారా సడలించి సహజమైన కదలికను రాబట్టే పద్ధతిని రూపొందించుకుంది. ఆమె భర్త కారెల్ బోబాత్ దానికి వైద్యశాస్త్ర పరమైన వివరణ సమకూర్చాడు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన సిగ్నే బ్రున్‌స్ట్రోమ్ కోలుకునే క్రమాన్ని దశలుగా విభజించింది. 1951లో థామస్ ట్విచెల్ 121 మంది రోగులను పరిశీలించి, భుజం దగ్గర మొదలై వేళ్లదాకా కదలిక తిరిగివచ్చే వరుసను వర్ణించాడు. ఈ వర్ణనల ఆధారంగానే 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆక్సెల్ ఫూగల్-మేయర్ బృందం కోలుకోవడాన్ని అంకెల్లో కొలిచే పట్టికను తయారుచేసింది. చేతి కదలికలకు 66 మార్కులు ఇచ్చే ఆ పట్టికను పరిశోధకులు నేటికీ వాడుతున్నారు.

ఈ పద్ధతులన్నీ చికిత్సకుల సునిశిత పరిశీలన నుంచి పుట్టినవే అయినా, వాటికి సైద్ధాంతిక పునాది మాత్రం ప్రతీకార చర్యల గురించిన షెరింగ్టన్ నాటి అవగాహనే. రోగి బల్లమీద ఎంత చక్కగా కదిలాడో చికిత్సకుడు చూసేవాడు గానీ, ఇంటికి వెళ్లాక ఆ చేతితో గ్లాసు పట్టుకున్నాడా, తలుపు తీశాడా అన్నది ఎవరూ లెక్కించేవారు కాదు. ఆసుపత్రి నుంచి త్వరగా ఇంటికి పంపాలన్న ఒత్తిడి ఉన్నచోట బాగున్న చేతితోనే పనులన్నీ చక్కబెట్టుకోవడం నేర్పడం సులువైన మార్గంగా తోచింది. ఒంటిచేత్తో చొక్కా తొడుక్కోవడం, ఒంటిచేత్తో అన్నం తినడం నేర్చుకున్న రోగి స్వావలంబి అయినట్టే కాగితాల మీద నమోదయ్యేవాడు.

టౌబ్ వేసిన ప్రశ్న

1931లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన టౌబ్ 1950ల చివర అక్కడి ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో ఎ. జె. బెర్మన్ బృందంతో కలిసి షెరింగ్టన్ ప్రయోగాన్ని తిరిగి చేపట్టాడు. ప్రవర్తనను అధ్యయనం చేసే మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొందినవాడు కాబట్టి, ఆ కోతి చేతిని వాడలేకపోతోందా, లేక వాడటం మానేసిందా అన్న ప్రశ్న ఆయనకు తోచింది. షాక్‌ను తప్పించుకోవాలంటే స్పర్శ లేని చేతిని కదిలించక తప్పని పరిస్థితి కల్పించినప్పుడు కోతి దాన్ని కదిలించింది. బాగున్న చేతిని కట్టివేసినప్పుడు ఆహారం కోసం స్పర్శ లేని చేతినే చాచింది. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది రెండు చేతుల జ్ఞాననాడులనూ తెంచిన కోతుల విషయం: ఒక చేతికి స్పర్శ పోయిన కోతి ఆ చేతిని వాడలేదు గానీ, రెండు చేతులకూ స్పర్శ పోయిన కోతి రెండింటినీ వాడింది. 1963లో ప్రచురితమైన ఈ ఫలితానికి షెరింగ్టన్ సిద్ధాంతంలో చోటు లేదు. స్పర్శ లేకపోవడమే చలనం లేకపోవడానికి కారణమైతే, ఎక్కువ నష్టపోయిన జంతువే ఎక్కువగా కదలడం అసాధ్యం కావాలి.

టౌబ్ ఇచ్చిన వివరణ ఇది. నాడులను తెంచగానే వెన్నుపాము కొంతకాలం నిస్తేజమవుతుంది, ఆ స్థితిలో చెయ్యి నిజంగానే కదలదు. జంతువు కదిలించబోయిన ప్రతిసారీ పట్టుతప్పుతుంది, పడిపోతుంది, ఆహారం జారిపోతుంది. మూడు కాళ్లమీద నడిచినప్పుడు, రెండో చేత్తో తిన్నప్పుడు మాత్రం పని సాఫీగా జరుగుతుంది. ఓటమి ఒక అలవాటును అణచివేస్తుంది, గెలుపు మరొక అలవాటును బలపరుస్తుంది. నెలలు గడిచి నాడీవ్యవస్థ తేరుకుని, చెయ్యి కదలగల స్థితికి వచ్చాక కూడా ఆ అలవాటు పోదు కాబట్టి, కదలగలనన్న సంగతి జంతువుకు తెలిసే సందర్భమే రాదు. దీనికి టౌబ్ లర్న్‌డ్ నాన్‌యూజ్, అంటే నేర్చుకున్న నిరుపయోగం అని పేరు పెట్టాడు. ఈ వివరణను ఆయన సూటిగా పరీక్షించాడు కూడా: శస్త్రచికిత్స జరిగిన వెంటనే ఆ చేతినే మూడు నెలలపాటు కదలకుండా కట్టి ఉంచితే, కదిలించబోయి విఫలమయ్యే అవకాశమే జంతువుకు ఉండదు. కట్లు విప్పాక అటువంటి కోతులు ఆ చేతిని వాడాయి. నిరుపయోగానికి మూలం గాయంలోనే కాక, గాయం తరువాతి అనుభవంలోనూ ఉందని దీనివల్ల తేలింది.

వివాదం, విరామం

పక్షవాతం వచ్చిన మనుషులకు ఇదే సూత్రాన్ని అన్వయించవచ్చని టౌబ్ 1980లో సూచించాడు. అయితే మరుసటి ఏడాదే ఆయన పరిశోధన నిలిచిపోయింది. మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఆయన ప్రయోగశాలలో స్వచ్ఛంద సహాయకుడిగా చేరిన అలెక్స్ పచేకో, అంతకు ఏడాది ముందు ఏర్పడిన జంతుహక్కుల సంస్థ పీటా వ్యవస్థాపకుల్లో ఒకరు. అక్కడి పదిహేడు కోతుల పరిస్థితి మీద ఆయన ఇచ్చిన ఫిర్యాదుతో 1981 సెప్టెంబరులో పోలీసులు వాటిని స్వాధీనం చేసుకున్నారు. జంతువులు మురికి బోనుల్లో, మానని పుండ్లతో ఉన్నాయన్నది ఆరోపణ కాగా, స్పర్శ లేని వేళ్లను కోతులు తామే కొరుక్కుంటాయని, కట్లు వాటికి హాని చేస్తాయని టౌబ్ సమాధానం. 119 అభియోగాల్లో ఆరింటిలో మొదటి న్యాయస్థానం ఆయనను దోషిగా ప్రకటించింది; పునర్విచారణలో అవి ఒకటికి తగ్గాయి; సమాఖ్య ప్రభుత్వ నిధులతో జరిగే పరిశోధనకు రాష్ట్ర చట్టం వర్తించదన్న కారణంతో 1983లో ఆ ఒక్కటీ రద్దయింది. 1985లో అమెరికా జంతు సంక్షేమ చట్టాన్ని సవరించి ప్రయోగశాలలపై పర్యవేక్షణను కట్టుదిట్టం చేయడానికి ఈ ఉదంతం ముఖ్య ప్రేరణల్లో ఒకటి. ఈ పరిశోధన నుంచి తరువాత పుట్టిన చికిత్స వల్ల కలిగిన మేలునూ, దాని వెనుక జంతువులు పడిన బాధనూ ఒకదానికొకటి చెల్లుగా చూపి ఏదో ఒకదాన్ని చరిత్ర నుంచి తప్పించడం న్యాయం కాదు.

ఆ కోతుల మీద జరిగిన ఒక ముఖ్యమైన పరిశీలన 1991లో వెలువడింది. నాడులు తెగి సుమారు పన్నెండేళ్లు గడిచాక కొన్నిటి మెదళ్లను పరీక్షించిన టిమ్ పాన్స్ బృందం, ఒకప్పుడు చేతి నుంచి సమాచారం అందుకున్న ప్రాంతం ఇప్పుడు ముఖాన్ని తాకితే స్పందిస్తోందని, ఈ మార్పు 10 నుంచి 14 మిల్లీమీటర్ల మేర విస్తరించిందని కనుగొంది. పెరిగిన మెదడులో అటువంటి మార్పు జరిగినా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదని అంతకుముందు అనుకునేవారు. అనుభవాన్ని బట్టి నాడీ సంబంధాలు తమను తాము మార్చుకునే ఈ గుణాన్నే న్యూరోప్లాస్టిసిటీ అంటున్నారు.

చేతికి తొడిగిన మిటెన్

1986లో అలబామా విశ్వవిద్యాలయ బర్మింగ్‌హామ్ విభాగంలో చేరిన టౌబ్ అక్కడ మనుషుల మీద పని మొదలుపెట్టాడు. అప్పటికే అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ వుల్ఫ్, బాగున్న చేతిని కట్టి ఉంచే పద్ధతిని రోగులపై పరీక్షిస్తున్నాడు. 1993లో టౌబ్ బృందం ప్రచురించిన తొలి అధ్యయనంలో పాల్గొన్నవారు తొమ్మిది మందే. అందరికీ పక్షవాతం వచ్చి ఏడాది దాటింది, అంటే ఇక కోలుకోరని వైద్యులు వదిలేసే దశకు చేరినవారే. నలుగురికి రెండు వారాలపాటు మేలుకుని ఉన్న సమయంలో అధికభాగం బాగున్న చేతిని కట్టి ఉంచి, పది పనిదినాలు రోజుకు ఆరు గంటల చొప్పున బలహీనమైన చేతితో సాధన చేయించారు; మిగిలిన ఐదుగురికి ప్రోత్సాహమూ సాధారణ సలహాలూ మాత్రమే ఇచ్చారు. మొదటి నలుగురి చేతి వాడకం గణనీయంగా పెరిగి రెండేళ్ల తరువాత కూడా నిలిచింది. ఈ పద్ధతి కన్‌స్ట్రెయింట్ ఇండ్యూస్డ్ మూవ్‌మెంట్ థెరపీ అన్న పేరుతో స్థిరపడింది.

పేరులో కట్టివేత కనిపించినా చికిత్సకు ప్రాణం అది కాదు. బాగున్న చేతికి వేళ్లు కలిసిపోయి ఉండే మందపాటి తొడుగును, అంటే మిటెన్‌ను, తొడుగుతారు. పడిపోబోతే ఆనుకోవడానికి ఆ చెయ్యి ఉపయోగపడుతుంది గానీ వస్తువులు పట్టుకోవడానికి రాదు. బలహీనమైన చేతికి ఇచ్చే పని రోగి శక్తికి ఒక్క మెట్టు మాత్రమే పైన ఉంటుంది. ఉదాహరణకు బల్లమీది పెట్టెపైకి చెయ్యి ఎత్తి పెట్టడమే పనైతే, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పెట్టగలిగాడో లెక్కించి, ఆ సంఖ్యను రోగికి అప్పటికప్పుడే చెబుతారు. అది సులువయ్యాక పెట్టెను కొంచెం దూరం జరుపుతారు, లేదా ఎత్తు పెంచుతారు. విఫలమైనప్పుడు తప్పుపట్టరు, స్వల్పమైన మెరుగుదలనైనా పైకి చెప్పి మెచ్చుకుంటారు. మెట్టుమెట్టుగా ప్రవర్తనను మలిచే ఈ విధానానికి మనస్తత్వ శాస్త్రంలో షేపింగ్ అని పేరు. ఓటమి నేర్పిన అలవాటును చిన్న చిన్న గెలుపులతో విప్పడమే దీని తర్కం. దీనితోపాటు ఇంట్లో మిటెన్ ఎప్పుడు తొడుక్కోవాలో, ఏ పనులు బలహీనమైన చేతితో చేయాలో రాసిన ఒప్పందంపై రోగి సంతకం చేస్తాడు. లైటు స్విచ్ వేయడం, సొరుగు లాగడం, పళ్లు తోముకోవడం వంటి ముప్పై దైనందిన పనులను ఆ చేతితో ఎంత తరచుగా, ఎంత బాగా చేశాడో సున్నా నుంచి ఐదు వరకు అంకెల్లో అడిగి నమోదు చేస్తారు. చికిత్సాశాలలో ఏం చేయగలడన్నదాని కన్నా ఇంట్లో ఏం చేస్తున్నాడన్నదానికి విలువ కట్టిన తొలి కొలమానాల్లో ఇది ఒకటి.

కొద్దిమంది రోగులతో వచ్చిన ఫలితాన్ని పెద్ద ఎత్తున పరీక్షించే పనిని వుల్ఫ్ నాయకత్వంలోని ఎక్సైట్ అధ్యయనం చేసింది. అమెరికాలో ఏడు కేంద్రాల్లో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు గడిచిన 222 మందిని రెండు వర్గాలుగా విభజించి జరిపిన ఈ అధ్యయనం 2006లో వెలువడింది. పెన్సిల్ ఎత్తడం, తాళంచెవి తిప్పడం, తువ్వాలు మడతపెట్టడం వంటి పనులకు పట్టే సమయం ఏడాది తరువాత ఈ చికిత్స పొందినవారిలో 52 శాతం తగ్గగా, మామూలు సంరక్షణ పొందినవారిలో 26 శాతం తగ్గింది. మెదడులో ఏం జరుగుతోందన్నది ఇతరులు చూపించారు. 1996లో రాండల్ నూడో బృందం కోతి మెదడులో చేతిని నడిపే ప్రాంతంలో చిన్న గాయం చేసి, లోతైన చిన్న గుంటల నుంచి వేళ్లతో ఆహారం తీసే శిక్షణ ఇచ్చింది. శిక్షణ లేని జంతువుల్లో గాయం చుట్టుపక్కల మిగిలిన చేతి ప్రాంతం కూడా కుంచించుకుపోగా, శిక్షణ పొందినవాటిలో అది నిలిచింది. 2000లో యోఆఖిమ్ లీపర్ట్, టౌబ్ తదితరులు ఈ చికిత్స పొందిన 13 మంది రోగుల మెదళ్లను అయస్కాంత ప్రేరణతో పరీక్షించి, చేతి కండరాన్ని కదిలించగల ప్రాంతం విస్తరించిందని చూపించారు.

సాధన మోతాదు, సాధన చేయించే మనుషులు

ఈ విజయానికి హద్దులు లేకపోలేదు. మణికట్టునూ వేళ్లనూ స్వయంగా కొన్ని డిగ్రీలైనా పైకి లేపగలిగినవారికే ఈ చికిత్స వర్తిస్తుంది. బొత్తిగా కదలని చేతిలో మలచడానికి ఆధారం దొరకదు. సాధన మంచిదైతే ముందుగా, ఎక్కువగా చేయించడమూ మంచిదేనన్న ఊహను 2015లో అవర్ట్ అధ్యయనం సరిదిద్దింది. ఐదు దేశాల్లో 2,104 మందిపై జరిగిన ఆ పరిశీలనలో, పక్షవాతం వచ్చిన ఇరవై నాలుగు గంటల్లోపే మొదలుపెట్టి తరచుగా లేపి కూర్చోబెట్టి నడిపించినవారిలో మూడు నెలల తరువాత బాగా కోలుకున్నవారు 46 శాతం కాగా, మామూలు సంరక్షణలో 50 శాతం ఉన్నారు. గాయపడిన మెదడుకు సాధన కూడా మందులాంటిదే. దానికి మోతాదూ వేళా ఉంటాయి.

వాడకం మెదడును మలుస్తుందన్న ఈ సూత్రానికి తెలుగునేల నుంచి కూడా ఒక సాక్ష్యం చేరింది. హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో పక్షవాతానికి చికిత్స పొందిన 608 మంది వివరాలను సువర్ణ అల్లాడి బృందం ఎడిన్‌బరో పరిశోధకుడు థామస్ బాక్‌తో కలిసి పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తరువాత జ్ఞాపకం, ఆలోచన వంటి శక్తులు మామూలుగానే మిగలగా, ఒకే భాష మాట్లాడేవారిలో అటువంటివారు 19.6 శాతమే. మాట పడిపోయే ప్రమాదంలో మాత్రం ఇరువర్గాల మధ్య తేడా కనిపించలేదు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఇంటా బయటా కలిసి నడిచే నగరం కాబట్టి, బహుభాషిత్వం వలసకో పెద్ద చదువుకో పరిమితం కాని సమాజంలో ఈ ప్రశ్నను అడగడం అక్కడ సాధ్యమైంది.

చికిత్స అందుబాటు విషయంలో మాత్రం భారతదేశం నుంచి వచ్చిన సమాధానం అంత ఉత్సాహకరంగా లేదు. శిక్షణ పొందిన చికిత్సకులు తక్కువగా ఉండి రోగి బాధ్యత కుటుంబం మీదే పడే దేశంలో, ఇంటివారికే వ్యాయామాలు నేర్పి పంపితే సరిపోతుందా అని అటెండ్ అధ్యయనం దేశవ్యాప్తంగా 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో పరీక్షించింది. 2017లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆరు నెలల తరువాత మరణించినవారు, పరాధీనులైనవారు కలిసి రెండు వర్గాల్లోనూ 47 శాతమే. కుటుంబ శిక్షణ వల్ల తేడా రాలేదు. దీన్ని ఇంటివారి అశ్రద్ధగా చదవడం తప్పు. టౌబ్ పద్ధతిలో నైపుణ్యం ఉన్న మనిషి రోజుకు ఆరు గంటలు రోగి ఎదుట కూర్చుని, ప్రతి ప్రయత్నాన్నీ లెక్కించి, పనిని ఒక్కో మెట్టు పెంచుతాడు. వంటా వ్యవసాయమూ కూలీ మధ్య దొరికే అరగంటలో ఆ పనిని ఇంటివారు చేయగలరని ఆశించడానికి ఈ చరిత్రలో ఆధారం ఎక్కడా లేదు.

1895లో కోతి చేయనిదాన్ని చేయలేనిదిగా భావించిన పొరపాటు సరిదిద్దుకోవడానికి నాడీశాస్త్రానికి దాదాపు డెబ్బై ఏళ్లు, ఆ దిద్దుబాటు రోగి చేతికి చేరడానికి మరో ముప్పై ఏళ్లు పట్టాయి. పెరిగిన మెదడు మారుతుందా అన్న ప్రశ్న శాస్త్రానికి సంబంధించినంతవరకు తీరిపోయింది. మారడానికి కావలసిన గంటలను, ఆ గంటలు వెచ్చించే శిక్షితులను, వారి జీతాలను ఎవరు సమకూర్చాలన్నది ప్రయోగశాల తేల్చగలిగిన ప్రశ్న కాదు. అది తేలేదాకా, ఇంటికి పంపేసిన రోగి ఒళ్లో కదలకుండా ఉండిపోయిన చేతిలో ఎంత భాగం గాయం చేసినదో, ఎంత భాగం సాధన అందకపోవడం వల్ల మిగిలిపోయినదో ఆసుపత్రి లెక్కల్లో వేరుగా కనిపించదు.